తాతయ్య వైపు స్పీకరు

శనివారం పొద్దున లరీసా వేసుకున్న పథకం చాలా చిన్నది. తాతయ్య కారులో పాత రేడియో తీసేసి కొత్త స్టీరియో పెట్టాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి పని ముగించాలి. మర్నాడు తాతయ్యా నానమ్మా ఆ కారులోనే చర్చికి వెళ్తారు. పెళ్లయి యాభై ఏళ్లు నిండినందుకు ఫాదర్ బొహ్దాన్ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి దీవిస్తారు. ఆ రోజైనా దారి పొడుగునా తాతయ్యకి తన వైపు కూడా పాట వినబడాలి. అంతే.

కారు లరీసా కంటే వయసులో పెద్దది. స్పీకర్లు కారుతో పాటు వచ్చినవే. లరీసాకి ఊహ తెలిసినప్పటి నుంచీ రేడియో చప్పుడు నానమ్మ కూర్చునే కుడివైపు తలుపులోంచే వచ్చేది. స్టీరింగు ఉన్న ఎడమవైపు, అంటే తాతయ్య వైపు తలుపు మూగది. ప్రతి ఆదివారం కారు గేటు దాటగానే తాతయ్య వాసిల్ ఒకే మాట అనేవాడు.

"నా వైపు స్పీకరు చచ్చిపోయింది. వినే యోగం లేదు నాకు."

నానమ్మ స్టెఫా కిటికీలోంచి గోధుమ చేలవైపు చూసేది. వెనక సీట్లో లరీసాకి ప్రాణం ఉసూరుమనేది. ఆ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది తనే. బహుశా అందుకే ఎవరు ఏమన్నా ఉన్నదున్నట్టు నమ్మేసేది.

తాతయ్యా నానమ్మా మాట్లాడుకునేది కూడా ఆ కారులోనే. వారమంతా ఆయన షెడ్డులో, ఆవిడ వంటింట్లో. అన్నం దగ్గర ఆయన ముందు పేపరు ఉంటుంది. ఆదివారం చర్చికి వెళ్లి వచ్చే ఆ కంకర రోడ్డే వాళ్ల సంసారం. తాతయ్య కారు ఎంత మెల్లగా నడిపేవాడంటే, వెనకొచ్చే ట్రాక్టర్లు కూడా విసుక్కుని దాటిపోయేవి. వయసు మీద పడిందిలే అని ఊరు సరిపెట్టుకుంది.

చలికాలమంతా, మంచు మీద ఆడే కర్లింగ్ ఆటల హాలు క్యాంటీనులో గిన్నెలు కడిగి లరీసా ఆ స్టీరియో కొంది. బిగించే పని ఓరెస్ట్ బాబాయ్‌కి అప్పజెప్పింది. ఊళ్లో పంట కోసే కంబైన్లు బాగుచేసేది ఆయనే.

"బాబాయ్, కొట్లో ఆయన ఈ ప్లగ్గు కూడా ఇచ్చాడు. మధ్యలో ఇది పెడితే పాత వైర్లు కొయ్యక్కర్లేదట."

ఓరెస్ట్ ఆ ప్లాస్టిక్ ముక్కని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "దాచుకోవే. పెళ్లికి చెవిపోగు చేయించుకుందువుగాని. కంబైను మొత్తం విప్పి బిగించినవాణ్ణి, ఈ అరచెయ్యంత డబ్బాకి నాకు ప్లగ్గు కావాలా?"

కటింగ్ ప్లయర్ ఒక్కసారి కిటుక్కుమంది. పాత ప్లగ్గు తలకాయ తెగి కింద పడింది. ఆ చప్పుడు లరీసాకి తర్వాత చాలా రోజులు చెవిలో వినబడుతూనే ఉంది.

ఆపైన రేడియో చుట్టూ ఉన్న చట్రం లాగేసరికి అప్పడంలా విరిగింది. "పాతది కదా, ఎప్పుడు విరుగుదామా అని చూస్తోంది" అన్నాడు బాబాయ్. కొత్త స్టీరియోకి పాత కంత పెద్దదైంది. బూట్ల డబ్బా కత్తిరించి, నల్లరంగు పూసి సందు మూశాడు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. కాకపోతే కారులో కూర్చున్నవాళ్లకి దూరం నుంచి చూసే వీలుండదు.

పాత రేడియోని తువ్వాలులో చుడుతుంటే, పెద్ద మీట వెనక ఒక చిన్న మీట లరీసా కంటపడింది. అది పూర్తిగా కుడివైపుకి తిరిగి ఉంది.

"బాబాయ్, ఇది ఒక పక్కకే తిరిగి ఉందేమిటి?"

"పీకేసిన పన్ను ఎందుకు నొప్పెట్టిందని అడుగుతావేమే? పక్కన పెట్టు."

పక్కన పెట్టింది.

ఇక మిగిలింది ఒకటే. తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు ఏదో పట్టుకోవాలి. తాళం తిప్పి ఉంచి, ఓరెస్ట్ స్టీరింగు కిందికి తల దూర్చి వెల్లకిలా పడుకున్నాడు. ఒక చేతిలో చిన్న పరీక్ష దీపం. రెండో మోచెయ్యి ఎక్కడ ఆనించాడో ఆయనకే తెలీదు.

"వెలిగింది! దొరికాడు దొంగవెధవ!"

అదే క్షణంలో కారు వెనకాల షెడ్డు గోడంతా ఎర్రబడింది. గోడకి వేలాడుతున్న పారలూ గునపాలూ ఎర్రగా మెరిశాయి. లరీసా చూసింది. బ్రేకు దీపాలు అలాగే వెలుగుతాయని ఆమెకి తెలుసు.

"బాబాయ్, గోడ..."

"గోడ సంగతి తర్వాత చూద్దాం. టేపు ఇలా పడెయ్."

లరీసా టేపు ఇచ్చింది.

ఓరెస్ట్ లేచి సీట్లో కూర్చుని, అలవాటు ప్రకారం పెడలు మీద కాలు వేసి స్టీరియో మీట నొక్కాడు. నాలుగు స్పీకర్లూ ఒక్కసారిగా అందుకున్నాయి. తాతయ్య వైపు మూగ తలుపు కూడా గొంతు సవరించుకుని పాడింది. లరీసా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్టీరియోకి ఎర్ర రిబ్బను కట్టి షెడ్డు తలుపు మూసింది.

ఆదివారం తాతయ్య కలరా ఉండల వాసన వేసే సూటు వేసుకున్నాడు. నానమ్మ ఎంబ్రాయిడరీ జాకెట్టు తొడుక్కుని, ఒళ్లో పెళ్లిరొట్టె పెట్టుకుని కూర్చుంది. రొట్టె మీద పిండితో చేసిన రెండు పావురాలు ముక్కులు ఆనించుకుని ఉన్నాయి. అమ్మా నాన్నా చర్చి హాల్లో విందుకి బల్లలు వేయడానికి ముందే వెళ్లిపోయారు. లరీసా వెనక సీటెక్కింది.

తాతయ్య రిబ్బను తాకి చూశాడు. "నాకా? ఎందుకమ్మా ఇదంతా?" అని, నానమ్మ వైపు ఒకసారి చూశాడు.

నానమ్మ ఆ స్టీరియోని, తన వంటింట్లో ఎవరో కొత్తమనిషి పొయ్యి వెలిగించినట్టు చూసింది. "బాగుంది. అయితే ఇక నీ వైపు కూడా వినబడుతుందన్నమాట" అంది.

ఆ గొంతు సన్నబడింది సంతోషంతోనే అనుకుంది లరీసా.

గేరు వేస్తుంటే పాట వచ్చింది. రోడ్డెక్కగానే ఆగిపోయింది. "మర్యాద తెలిసిన రేడియో" అన్నాడు తాతయ్య.

ధాన్యం నిలవచేసే ఎలివేటర్లు దాటాక నానమ్మ మొదలుపెట్టింది. "వాసిల్, మన పెళ్లినాడు కూడా ఇలాగే దుమ్ము..."

రేడియోలో అకార్డియన్ ఒక్కసారి గుండె పగిలేలా మోగింది. నానమ్మ ఆగింది. కాసేపటికి అకార్డియనూ ఆగింది.

"మీ అక్క ఆ రోజు నా ముసుగు..."

మళ్లీ అకార్డియన్.

"ఏమయ్యా, నేను నోరు తెరిచినప్పుడల్లా దాని నోరు తెరుస్తావేం?"

"నేనా! నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, కనబడటంలా? దానికో రిమోటు ఉంటుందట. అది నీ సంచిలోనే ఉండుంటుంది."

"నా సంచిలో రుమాలూ పొద్దుతిరుగుడు గింజలూ తప్ప..."

ఆ సంచిలో ఇంకేముందో ఎవరికీ వినబడలేదు.

లరీసాకి వెనకనుంచి అంతా కనబడుతోంది. నానమ్మ మాట మొదలెడుతుంది. తాతయ్య తల కొంచెం అటు వాలుతుంది. ఆయన నల్లబూటు దానంతటదే జరిగి వెడల్పాటి బ్రేకు పెడలు మీదికి వెళ్తుంది. వెంటనే రేడియో అందుకుంటుంది. ఆమెకి నిన్నటి ఎర్రగోడ గుర్తొచ్చింది. చెప్పాలి. చెప్పాలంటే బాబాయ్ పేరూ, తన పేరూ, టేపు ఇచ్చిన సంగతీ అన్నీ చెప్పాలి. చివరికి బలమంతా కూడగట్టుకుని, "తాతయ్యా..." అంది.

తాతయ్య వినబోయాడు. అంటే బ్రేకు నొక్కాడు. అకార్డియన్ లరీసాని కూడా మింగేసింది.

"సరే. మాట్లాడుకోండి, నువ్వూ అదీ" అంది నానమ్మ. అని, నోరు కట్టేసుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. ఇక బ్రేకు అవసరం రాలేదు. కారు కంకర చిమ్ముకుంటూ పరిగెత్తింది. ఇన్నేళ్లలో మొదటిసారి వాళ్లు చర్చికి వేళకి ముందే చేరారు.

గుమ్మం దగ్గర ఊరంతా నిలబడి ఉంది. తాతయ్య కారు ఆపి, కొత్త పెళ్లికొడుకులా బ్రేకు మీద గట్టిగా కాలు వేసి కూర్చున్నాడు. అప్పటికి అకార్డియన్ కార్యక్రమం అయిపోయి, వారాంతపు సంత ధరలు చెబుతున్నారు. ఫాదర్ బొహ్దాన్ స్వయంగా వచ్చి తలుపు తీశారు. నానమ్మ రొట్టె పట్టుకుని కాలు కింద పెట్టింది. నాలుగు స్పీకర్లూ ఒక్క గొంతుతో ప్రకటించాయి.

"ముసలి ఆవులకు ఈ వారం గిరాకీ బాగా పడిపోయింది. ముట్టుకునేవాళ్లే లేరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నానమ్మ రొట్టెని గుండెకి అదుముకునేసరికి ఒక పావురం ముక్కు విరిగింది. ఆమె ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్లి, భర్త పక్కన కాదు, చెల్లెలి పక్కన కూర్చుంది.

ప్రార్థన అయింది. ఫాదర్ దంపతులిద్దరినీ ముందుకు రమ్మన్నారు. తాతయ్య వచ్చి నిలబడ్డాడు. పక్కన చోటు ఖాళీగానే ఉంది.

"స్టెఫానియా గారూ, రండమ్మా."

"ఆయనకి కావాల్సింది రేడియో, ఫాదర్. దాన్నే తెచ్చి పక్కన నిలబెట్టండి."

ఓరెస్ట్ బాబాయ్ పైకప్పు మీది బొమ్మల్ని ఎన్నడూ లేనంత భక్తితో చూస్తున్నాడు. తాతయ్య టోపీ రెండు చేతుల్లో పట్టుకుని, దాని అంచు వేళ్లతో తిప్పుతూ నిలబడ్డాడు. ఆయన ముఖం చూడలేక లరీసా లేచింది. పదిమందిలో ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు.

"నానమ్మా, తప్పు తాతయ్యది కాదు. మేమే వైరు తప్పు కలిపాం. బ్రేకు నొక్కితే రేడియో మోగుతోంది. నువ్వు మాట్లాడినప్పుడల్లా తాతయ్య బ్రేకు నొక్కుతాడు."

నానమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "నేను మాట్లాడితే నీకు బ్రేకెందుకయ్యా?"

"కంకర చప్పుడులో నీ మాట సరిగ్గా వినబడదు" అన్నాడు తాతయ్య, టోపీతో చెబుతున్నట్టు. "మెల్లగా పోతే వినబడుతుంది."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచేమిటి? కారు కొన్నప్పట్నుంచీ."

నానమ్మ రుమాలు తీసి ముక్కు తుడుచుకుంది. తర్వాత ఊరంతా వింటుండగా అంది. "నీ వైపు స్పీకరు చచ్చిపోలేదు. నేనే ఆ చిన్న మీట నా వైపు తిప్పేశాను. నీకు వినబడిందంటే ఆవుల ధరలు వింటూ కూర్చుంటావు, నేను అద్దంతో మాట్లాడుకోవాలి."

"తెలుసు."

"తెలుసా!"

"బండి నడిపేది నేను. మీట నా కళ్ల ముందే ఉంటుందిగా."

లరీసా ఇంకా నిలబడే ఉంది. "మరి ప్రతి ఆదివారం ఎందుకలా అనేవాడివి తాతయ్యా?"

"అనకపోతే, నాకు తెలుసని మీ నానమ్మకి తెలిసిపోదూ?"

నానమ్మ లేచి వెళ్లి ఆ ఖాళీ చోటులో నిలబడింది. ఫాదర్ దీవించారు. అందరూ పాడారు. హాల్లో బంగాళాదుంప కూరిన పెరోగీలూ క్యాబేజీ చుట్టలూ తిన్నారు, ముక్కు విరిగిన పావురాన్ని కూడా పంచుకున్నారు. ఓరెస్ట్ బాబాయ్ మాత్రం లరీసా ఉన్న బల్ల దగ్గరికి రాలేదు.

ఆ వారమే కొత్త స్టీరియో పీకేశారు. పాత రేడియోని తెగిన వైర్లతోనే కలపబోతే, అది ఒక్కసారి పొగ వదిలి ఊరుకుంది. కారు ముందు భాగంలో నల్లటి కంత మిగిలింది. స్టీరియో బాబాయ్ ట్రాక్టర్‌లోకి వెళ్లింది. అక్కడ కూడా బ్రేకు నొక్కితేనే మోగుతోందని వినికిడి.

లరీసాని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆమెకి కష్టంగా ఉంది. తర్వాతి ఆదివారాల్లో తాతయ్యకి గొణుక్కోవడానికి ఏమీ లేదు, నానమ్మకి దాచుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరూ చుట్టాల్లా మాట్లాడుకున్నారు. "వాన వచ్చేలా ఉంది." "అవును, ఉంది." కారు మామూలు వేగంతో వెళ్లి, మామూలు వేగంతో వచ్చింది. ఇన్నేళ్లు ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మోసిన అబద్ధాన్ని తను కింద పడేసినట్టు అనిపించి, లరీసా వెనక సీట్లో తల దించుకుని కూర్చునేది.

పంట కోతలయ్యాక ఒక ఆదివారం, నానమ్మ పొద్దుతిరుగుడు గింజల పొట్లం తీసి ఆ కంతలో పెట్టింది. పెట్టి, వేలితో దాన్ని తన వైపుకి కొంచెం జరిపింది. తాతయ్య చెయ్యి చాచి, సగంలోనే ఆపేశాడు.

"అన్నీ నీ వైపే పెట్టుకుంటావు. తినే యోగం లేదు నాకు."

నానమ్మ కిటికీలోంచి కోసేసిన చేలవైపు చూసింది. తర్వాత, "వాసిల్, ఆ మాటకొస్తే మీ అక్క ఆ రోజు నా ముసుగు..." అని మొదలుపెట్టింది. తాతయ్య బూటు మెల్లగా పెడలు మీదికి జరిగింది. వెనకాల ఒక ట్రాక్టరు హారను కొట్టింది.

ఇంకొక్క బెత్తెడు వంగితే తాతయ్యకి ఆ పొట్లం అందుతుందని లరీసాకి కనబడుతూనే ఉంది.

ఈసారి ఆమె ఏమీ కొనలేదు.