రెండు కన్నాల పలక

ప్లమ్ హాలో పట్టణ శరత్కాల గృహదర్శన సంఘం వారు సర్వజనులకూ తెలియజేయునది ఏమనగా: ఎంపికైన గృహములను సందర్శకులు కళ్ళారా చూడవచ్చును, మెచ్చుకొనవచ్చును, ఓర్వలేనివారు ఓర్వలేకపోవచ్చును. పాదరక్షలు గుమ్మం వద్దనే విడువవలెను. ఏ గృహమునందును మరుగుదొడ్డి వాడరాదు. ఈ నియమము ఒక్కసారి తప్పినను ఆ గృహము జాబితానుండి శాశ్వతముగా తొలగింపబడును.

ఇందులో వింతేమీ లేదు. ఒహాయోలో మా వైపు మొక్కజొన్న కోతకొచ్చే వేళకు ఊళ్ళో సగం మంది మిగతా సగం మంది ఇళ్ళు చూడ్డానికి బయల్దేరతారు. వెనకటి రైతులు డబ్బులేక చెక్క గోడల మధ్య బతికారు. వాళ్ళ పిల్లలు కాస్త పైకొచ్చి ఆ చెక్కలమీద సున్నం కొట్టించారు. మనవలు ఇంకా పైకొచ్చి సున్నం మీద మళ్ళీ చెక్కలు కొట్టించారు. అభివృద్ధి అంటే మా ఊళ్ళో అదే.

కార్లీన్ ప్రూవిట్ క్లీవ్‌లాండ్ నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఊరు ఆమెను ఇంకా "క్లీవ్‌లాండ్ ఆవిడ" అనే పిలుస్తోంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ఇల్లు జాబితాకెక్కలేదు. జాబితాకెక్కని ఇంటివాళ్ళని ఈ ఊళ్ళో పెళ్ళికి పిలుస్తారు, చావుకి పిలుస్తారు, తీపి ఆపిల్ రొట్టె పంచుకునేటప్పుడు మాత్రం పిలవరు. కారణం అందరికీ తెలిసిందే. ఆ ఇంట్లో సామానంతా కొత్తది, పైగా పనిచేసేది. ఇంతకంటే అప్రదిష్ట ఏముంటుంది?

పాపం, ఆమె ప్రయత్నించకపోలేదు. ఒక ఏడు కొత్త బల్ల కొని, పాతదానిలా కనబడాలని సైకిలు చైనుతో దాన్ని చావగొట్టింది. వెనిగర్లో ఇనుప పీచు నానబెట్టి పూసింది. చెదలు తిన్నట్టుండాలని సన్న కన్నాలు పొడిచింది. సంఘాధ్యక్షుడు ఎల్స్‌వర్త్ బింగమ్ గారు వచ్చి, బల్లమీద ముక్కు ఆనించి, "ఇది చెద కాదమ్మా, డ్రిల్లు" అని తీర్పు చెప్పి, కాఫీ అయినా తాగకుండా వెళ్ళిపోయారు. కార్లీన్ వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మొగుడు గ్లెన్ ఓదార్చబోయి, "పోనీలే, ఆ బల్ల బాగానే నిలబడుతోందిగా" అన్నాడు. దాంతో ఆవిడ ఏడుపు రెట్టింపయింది.

మరుసటి ఏడు మాత్రం అదృష్టం రోడ్డుపక్కనే ఎదురొచ్చింది. మలుపు దగ్గర ఇంట్లో ఐర్మా స్టౌఫర్ అని ఒక ముసలావిడ ఉంటుంది. గాలివానకు పెరట్లో ఏదో పాక కూలితే, ఆ చెక్కాముక్కా ఇంటిముందు పరిచి, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని అట్టముక్క మీద రాసి పెట్టింది. కార్లీన్ కారు కీచుమని ఆగింది. ఆ గుట్టలో ఒక పలక. బారెడు పొడుగు, అరచేతి మందం, ఒకటే మాను. పైన తేనెరంగు నునుపు. ఆ నునుపు ఏ యంత్రానికీ రాదు, ఏ చైనుకీ రాదు. పైగా రెండు గుండ్రటి కన్నాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"జున్ను గిన్నెలు దించుకునే పాడి పలక!" అంది కార్లీన్, గుండెమీద చెయ్యేసుకుని.

"కాదు అమ్మాయ్," అంది ఐర్మా, "అది మా దొడ్లో..."

"చెప్పకండి! ఒక్క మాట చెప్పొద్దు. నేను తాకి తెలుసుకుంటాను."

"తాకితే తాకావు గానీ, ఆనక చేతులు కడుక్కో తల్లీ. దాన్ని కూడా బాగా తోము."

"తోమడమా! పాతదనం పోదూ?"

ఐర్మా కాసేపు ఆమెను ఎగాదిగా చూసి, "నీ ఇష్టం" అని లోపలికెళ్ళి టీవీ పెట్టుకుంది.

పాఠకులు బుద్ధిమంతులు, ఈపాటికి గ్రహించే ఉంటారు. గ్రహించనివారి సౌకర్యార్థం మనవి: అది స్టౌఫర్ల పెరటి మరుగుదొడ్డిలో కూర్చునే పలక. పెద్ద కన్నం పెద్దవాళ్ళకి, చిన్నది పిల్లలకి. నాలుగు తరాల స్టౌఫర్లు పొద్దున్నా సాయంత్రం, ఎండల్లో, మంచులో, అజీర్తి రోజుల్లో మరికొంత ఎక్కువసేపు, శ్రద్ధగా కూర్చుని ఆ నునుపు తెచ్చారు.

ఇక కార్లీన్ చేసిన సేవ చెప్పనలవి కాదు. గ్లెన్ కారును షెడ్డులోంచి వానలోకి వెళ్ళగొట్టి పలకను లోపల పడుకోబెట్టింది. తేనెమైనం రాసింది, అవిసె నూనె పట్టించింది, గుడ్డతో కాక అరచేత్తోనే రుద్దింది. రుద్దీ రుద్దీ, తృప్తి తీరక, చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. ఇనుప గొట్టాలతో కాళ్ళు బిగించి హాలు మధ్యలో బల్లగా నిలబెట్టింది. ఆనక ఆమెకో అద్భుతమైన ఊహ వచ్చింది. ఉల్లిపాయ పచ్చడి గిన్నె తెచ్చి పెద్ద కన్నంలో దించితే అచ్చు పోసినట్టు కూర్చుంది. చిన్న కన్నంలో ఆలివ్ కాయల గిన్నె. చుట్టూ జున్ను ముక్కలు, పంది మాంసం రేకులు, ద్రాక్షగుత్తులు.

గ్లెన్ తల గోక్కున్నాడు. "ఈ కన్నాలు నేనెక్కడో చూశానే."

"నీకన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. ఆ జున్ను తిను."

"ఏమో, దీని మీద నుంచి తీసుకుని తినాలంటే కడుపు ఒప్పుకోవడం లేదు."

"కళాహృదయం ఉండాలి నాయనా, కడుపు కాదు," అంది కార్లీన్ జాలిగా.

బింగమ్ గారు పరీక్షకు వేంచేశారు. ఈయన ఒకప్పుడు ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారి. వ్యాపారం మానుకున్నాక చెక్కల ఆత్మలతో మాట్లాడుతున్నారు. పలకమీద ముక్కు ఆనించారు. ముక్కు తీసి చెంప ఆనించారు. చెంప తీసి, ఆ చెంపమీదుగా కారుతున్న ఆనందబాష్పాన్ని తుడుచుకున్నారు.

"ఇది చెక్క కాదు," అన్నారు, "ఒక కుటుంబ చరిత్ర. దీనిచుట్టూ తరతరాలు చేరినట్టు నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఒక ఊరట... ఒక ప్రశాంతత... భారం దిగిపోయిన భావన!"

ఎవరూ కాదనలేని మాట. ఇల్లు ఎంపికైంది. ఆయన గేటు దాటగానే కార్లీన్ ఉతికిన బట్టల బుట్ట ఎత్తుకుని హాలంతా గంతులేసింది.

దర్శనం రోజున ఊరు ఊరంతా మేజోళ్ళతో వాళ్ళింట్లో నిలబడింది. బల్లచుట్టూ ఇసకవేస్తే రాలదు. బింగమ్ గారు ఒక రొట్టెబిళ్ళను పెద్ద కన్నంలో ముంచి, నోట్లో వేసుకుని, ఇంకొకటి ముంచుతూ ఉపన్యసిస్తున్నారు. తొమ్మిదేళ్ళుగా పలకరించని ఆడవాళ్ళు "కార్లీన్, కార్లీన్" అని ఆమె మోచెయ్యి వదలడం లేదు. ఆమెకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఐర్మా వచ్చింది. పాపం ప్రతి ఇంట్లోనూ మర్యాదకు ఆపిల్ రసం పోస్తే మర్యాదకు తాగింది. ఇప్పుడు మర్యాద మొహంలో కనబడుతోంది.

"అమ్మాయ్, ఒక్కసారి మీ బాత్‌రూమ్ చూపించు."

బాత్‌రూమ్ పదడుగుల దూరంలో ఉంది. బింగమ్ గారు రెండడుగుల దూరంలో ఉన్నారు. ముసలావిడ కాళ్ళు మెలివేసుకుని నిలబడింది. కార్లీన్ చెడ్డదేం కాదు, ఆమెకు నిజంగానే జాలేసింది. కానీ తొమ్మిదేళ్ళు!

"క్షమించండి ఐర్మా గారూ," అంది గొంతు తగ్గించి, "నియమం ఒప్పుకోదు."

"నియమానికేం తెలుసే, ఆగేది నేను కదా!" అంటూ అటూ ఇటూ చూసింది ఐర్మా. చూపు బల్లమీద పడింది. మొహం చాటంత అయింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! మా దొడ్డి పలక ఇక్కడే ఉందే! ఆ గిన్నె కాస్త పైకి తియ్యి తల్లీ. అది మా నాన్న కూర్చునే వైపు. ఆ ఆలివ్ కాయల వైపు నేనూ మా చెల్లీ వంతులేసుకునేవాళ్ళం. రోడ్డున పోయే కొత్తవాళ్ళు అడిగినా మా అమ్మ ఏనాడూ కాదనలేదు. ఆ దొడ్డికి తాళమే లేదు!"

నోటిదాకా వెళ్ళిన రొట్టెబిళ్ళలు నోటి దగ్గరే ఉండిపోయాయి. ఒకావిడ తన వేళ్ళను తనవి కానట్టు దూరంగా పట్టుకుంది. "అదీ! అందుకే చూసినట్టుంది, మా తాతగారింట్లో!" అన్నాడు గ్లెన్, జ్ఞాపకం వచ్చిన ఆనందంలో. కార్లీన్ అయిపోయాననుకుంది. రేపటినుంచి క్లీవ్‌లాండ్ ఆవిడ కూడా కాదు, దొడ్డి పలక ఆవిడ.

అందరూ బింగమ్ గారి కేసి చూశారు. ఆయన నోరు నిండుగా ఉంది. ఉమ్మితే ఇన్నాళ్ళ పాండిత్యం నేలపాలు, మింగితే మిగతా సంగతి. కక్కలేక మింగలేక ఆ పెద్దమనిషి పడ్డ యాతన చూస్తే రాయైనా కరుగుతుంది. చివరికి సంస్కృతి గెలిచింది. మింగారు. రుమాలుతో మీసం అద్దుకున్నారు.

"నేను మొదటి రోజే గ్రహించాను," అన్నారు గంభీరంగా. "మీ మనసులు సిద్ధం కావాలని ఆగాను. సోదరులారా, చెద తిన్న చెక్క ఎవరికైనా దొరుకుతుంది. మనిషి తన నిజస్వరూపంతో తాకిన చెక్క ఎంతమందికి దొరుకుతుంది? ఇంతకంటే సహజమైనది, ఇంతకంటే నిష్కపటమైనది ఈ జిల్లాలో లేదు!" అంటూ, తన మాట మీద తనకే నమ్మకమని చాటడానికి ఇంకో రొట్టెబిళ్ళ ముంచారు.

చప్పట్లు ఇంటికప్పు ఎగరగొట్టాయి. జనం ఎగబడి గిన్నె నాకేశారు. కార్లీన్ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, అందర్నీ కావలించుకుంది. ఈలోగా ఐర్మా వెనక తలుపు తీసుకుని మొక్కజొన్న చేలోకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి అది చూసి బింగమ్ గారు "ఆహా, సంప్రదాయం!" అన్నారు.

తరవాతి ఏడాది సంగతి పత్రికలవారు రాశారు గనక క్లుప్తంగా చెబుతాను. జిల్లాలో ఉన్న పాత దొడ్లన్నీ ఆరు వారాల్లో మాయమయ్యాయి. అసలు పలకలు అయిపోయాక కొత్తవి తయారుచేసే కార్ఖానా వెలిసింది. వారి ప్రకటన: "పలకలను నున్నబరచుటకు తగు బరువుగల స్త్రీ పురుషులు కావలెను. అనుభవజ్ఞులకు ప్రాధాన్యము. పని కూర్చునియే చేయవచ్చును." గ్రాడ్యుయేట్లు వరసకట్టారు.

కార్లీన్ సంఘానికి కార్యదర్శి అయింది. అధికారం చేతికి రాగానే మరుగుదొడ్డి నియమాన్ని ఇంకా బిగించింది: గృహస్థులు సైతం సందర్శన వేళల్లో తమ ఇంట వాడరాదు. ఇల్లంటే ఇల్లులా ఉండాలి మరి, మనుషులు ఉంటున్నట్టు ఉంటే ఏం బావుంటుంది?

ఆ ఏటి దర్శనానికి ఆమె ముఖ్య అతిథి. ముఖ్య అతిథికి ప్రతి ఇంట్లో పెద్ద గ్లాసు. నాలుగో ఇంటికల్లా ఆమె నడక మారింది. ఆ ఇంట్లో పొయ్యి పైన పలక, కన్నాల్లో గుమ్మడికాయలు. "బాత్‌రూమ్..." అంది కార్లీన్ గుసగుసగా. "ఎంత హాస్యమో! నియమం నువ్వే రాశావుగా!" అని ఇంటావిడ పగలబడి నవ్వింది. పక్కింట్లో మంచం తలాపున పలక, పెద్ద కన్నంలో పెళ్ళికొడుకు ఫొటో, చిన్న కన్నంలో పెళ్ళికూతురు ఫొటో. వాళ్ళూ నవ్వారు. ఆపై ఇంట్లో పలకకి అద్దాలు బిగించి కిటికీ చేశారు. ఊళ్ళో గోడ గోడకీ పలక వేలాడుతోంది, కూర్చోడానికి ఒక్కటీ లేదు.

పరుగున సొంత ఇంటికి వచ్చిపడింది. హాలునిండా జనం. బాత్‌రూమ్ తలుపుకి అడ్డంగా గ్లెన్.

"నన్ను పోనీ గ్లెన్! దణ్ణం పెడతాను!"

"అయ్యో, పోనిద్దును గానీ, శాశ్వతంగా తొలగించేస్తారటగా? పొద్దున నన్ను కూడా నువ్వే ఆపావు. నేను చేలోకెళ్ళొచ్చాను."

ఆ చేను ఈలోగా కోసేశారు. కార్లీన్ వచ్చిన కాళ్ళతోనే మలుపు దాకా పరిగెత్తింది. ఐర్మా తలుపు తీసే ఉంది, టీవీ మోగుతోంది. మొహం చూడగానే ముసలావిడకి అర్థమైంది.

"ఎడమ పక్కనే తల్లీ. అడగాలా ఏమిటి? పో!"

గులాబీరంగు ప్లాస్టిక్ సీటు. దానిమీద బొచ్చు తొడుగు. కార్లీన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ ఇంత ఆదరణ ఎరగదు. ఐర్మాని ఆ రోజు నిలబెట్టి పంపిన సంగతి జ్ఞాపకం వచ్చింది. సిగ్గేసింది. బయటికి రాగానే ఆవిడ చేతులు పట్టుకుని క్షమాపణ అడగాలి, నియమం చింపి పారెయ్యాలి అని గట్టిగా అనుకుంది. అనుకుంటూ కళ్ళు తుడుచుకుని తలెత్తింది. ఎదురుగా తలుపు. పాత వాల్‌నట్ కర్ర తలుపు, చేతులు పడి పడి గొళ్ళెం చుట్టూ తేనెరంగు నునుపు.

కార్లీన్ చెయ్యి చాపి తాకింది. చెంప ఆనించింది.

"ఐర్మా గారూ!" అని కేకేసింది లోపల్నుంచే. "ఈ తలుపు ఇస్తారా?"

"తలుపు పట్టుకుపోతే మూసుకోవడం ఎట్లాగే పిచ్చిదానా?"

"పూలపూల కర్టెన్ నేను కొనిస్తాను!"

ఐర్మాకి పూల కర్టెన్లంటే మొదట్నుంచీ ఇష్టం. ఇచ్చేసింది.

అసలైన తలుపు వెలసిన స్థలంగా ఐర్మా ఇంటిని కూడా ఈ ఏడు సంఘంవారు జాబితాకెక్కించారు. ఊళ్ళో అంతటి గౌరవం ఆవిడ కలలో కూడా ఎరగదు. బొచ్చు తొడుగు తీసి దాచి, గుమ్మానికి నియమాల బోర్డు కొట్టారు. "నా ఇంట్లో నేనైనా పోవచ్చునా?" అని ఆవిడ అడిగితే, సందర్శన వేళల్లో కూడదని బింగమ్ గారు ఎంతో వినయంగా తెలియజేశారు.

కాబట్టి ప్లమ్ హాలో దర్శించగోరువారు ఇంటిదగ్గరే పని కానిచ్చుకుని బయల్దేరవలసిందిగా మనవి. మీ ఇంటికి దాహంతో వచ్చేవారికి కూడా నేను ఇదే చెబుతున్నాను: తమ ఇంటిదగ్గరే నీళ్ళు తాగి బయల్దేరమని. మీ గుమ్మంలో పూలు తేలేసి పెట్టిన ఇత్తడి గంగాళాన్ని నేను చూశాను.