పద్నాలుగో వరుసలో పోయిన పెరుగు తోడు

"ఈ భూమ్మీద నాకు అంతుచిక్కని నేరం ఒక్కటే ఉంది దోన్కా. అది ఇంకా జరగని నేరం!" అని కిరిల్ బుర్మోవ్ బల్గేరియా రాజధాని సోఫియా విమానాశ్రయంలో నలుగురికీ వినపడేలా ప్రకటించాడు. ఆ సమయంలో అతని బెల్టు తనిఖీ వాళ్ళ ప్లాస్టిక్ తొట్టిలో ఉంది. ఎడమచెయ్యి పైకెత్తి ప్రకటిస్తున్నాడు, కుడిచేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకున్నాడు.

"ముందు బూట్లు విప్పు. వెనకాల జనం ఆగిపోయారు," అంది దోన్కా.

ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆవిడ ఇలాంటి ప్రకటనలు చాలా విన్నది. ప్లోవ్‌దివ్‌లో లిఫ్టులు బాగుచేసి రిటైరైన మొగుడు, పింఛను మొదలైన నెలలోనే తనలో ఒక మహా డిటెక్టివ్ ఉన్నాడని కనిపెట్టాడు. ఇంతవరకూ రెండు కేసులు పట్టాడు. మూడో అంతస్తు ముసలావిడ మిరపకాయ పచ్చడి సీసాలు మాయమవుతుంటే ఆరు వారాలు మెట్ల కింద కాపు కాశాడు. ఆవిడే తిని ఆవిడే మరిచిపోతోందని చివరికి ఆవిడ కోడలు చెప్పింది. రెండో కేసులో తప్పిపోయిన కుక్కను వెతికి తెచ్చాడు గానీ, అది వేరేవాళ్ళ కుక్క.

తనిఖీ చేసే అమ్మాయి అతని థర్మాస్ ఫ్లాస్కు విప్పి, లోపల ఏమీ లేదని చూసి, తిరిగిచ్చింది. మూత లోపలి రబ్బరు చుట్టు మాత్రం ఎక్కడికో దొర్లిపోయింది. దాని కోసం కిరిల్ నేల మీద పాకుతూ వెతకబోతే, దోన్కా కాలరు పట్టుకుని పైకి లాగింది.

ఆవిడ ధ్యాసంతా చేతిసంచీలో ఉన్న జిప్పు పర్సు మీదే ఉంది. అందులో ఒక తెల్ల రుమాలు ఉంది. ఉత్త రుమాలు కాదు. వాళ్ళమ్మ యాభై ఏళ్ళ పాటు ఒక్కరోజు తప్పకుండా తోడుపెట్టుకుంటూ వచ్చిన పెరుగులో మూడుసార్లు ముంచి, మూడుసార్లు నీడన ఆరబెట్టిన రుమాలు. దేశం దాటి వెళ్ళే ప్రతి ఇల్లాలూ చేసే పనే ఇది. పెరుగు గిన్నెను తనిఖీలో దాటనివ్వరు, ఎండిన గుడ్డను ఎవరూ పట్టించుకోరు. అవతలికి చేరాక ఆ గుడ్డను గోరువెచ్చటి పాలలో వేస్తే చాలు, పుట్టింటి పెరుగు మళ్ళీ తోడుకుంటుంది.

అమ్మ పోయి నాలుగు నెలలైంది. చెల్లెలు వెనెతా స్పెయిన్‌లో, వలెన్సియా దగ్గర నారింజ తోటల్లో పనిచేస్తోంది. అమ్మ పోయిన వారమే నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది, కడసారి చూపుకు రాలేకపోయింది. అప్పట్నించీ సరిగ్గా తిండి లేదు. "ఇంకేమీ తేవద్దక్కా, అమ్మ పెరుగు తీసుకురా," అని ఫోన్‌లో ఏడ్చింది.

దోన్కా చేతులు కడుక్కుని వచ్చేసరికి, కిరిల్ ఆవిడ సంచీని ఒళ్ళో పెట్టుకుని ఖజానాకు కాపలా ఉన్నట్టు కూర్చున్నాడు. పక్కనే ఫ్లాస్కు ఉంది.

"కాఫీ కొట్లో పాలు పోయించుకున్నాను," అన్నాడు. డాక్టరు కాఫీ మాన్పించి రెండేళ్ళయింది. "మరీ వేడిగా ఇస్తే నాలుక కాలుతుందని చెప్పి చల్లార్పించాను. డిటెక్టివ్‌కి నాలుక ముఖ్యం."

"రబ్బరు లేదుగా, కారదూ?"

"లిఫ్టులు బాగుచేసినవాడికి మూత బిగించడం ఎంత సేపు? ఏదో సర్దాన్లే."

విమానంలో వాళ్ళది పద్నాలుగో వరుస. కిటికీ దగ్గర గుబురు మీసాల స్పెయిన్ పెద్దాయన, మధ్యలో కిరిల్, ఈ చివర దోన్కా. పైకి లేచి అరగంట కాకుండానే కిరిల్ టొమాటో రసం తెప్పించుకున్నాడు. ఇంట్లో టొమాటో రసం పోస్తే మొక్కకు పోయమనేవాడు, మబ్బుల్లోకి రాగానే మరో రెండు గ్లాసులు తాగాడు. ఆ తర్వాత జున్ను శాండ్విచ్ కొరికి, నమలడం ఆపేశాడు.

"దోన్కా, కదలకు. ఇందులో రుచి లేదు."

"ఉప్పు చల్లుకో."

"చల్లాను. అయినా లేదు. నా నాలుకను ఎవరో పనిచేయకుండా చేశారు. ఇది నెమ్మదిగా పనిచేసే విషం."

అప్పుడే అటువైపు వచ్చిన విమాన పరిచారిక ఇస్క్రా నవ్వాపుకుంది. "ఇంత ఎత్తులో అందరికీ అంతే బాబాయ్. నాలుక మొద్దుబారుతుంది. అందుకే అందరూ టొమాటో రసం అడుగుతారు."

"అందరికీ విషం పెట్టారంటావు!" అని కిరిల్ నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు.

ఆ గోలలో ఎందుకో దోన్కా చెయ్యి సంచీలోకి వెళ్ళింది. పర్సు తగిలింది. తీసి చూసింది. జిప్పు తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు. సంచీ మొత్తం ఒళ్ళో బోర్లించింది. కళ్ళజోడు, మాత్రలు, మూడు ఉడికించిన గుడ్లు, దువ్వెన. రుమాలు లేదు. 

"అమ్మ తోడు పోయింది," అంది. 

కిరిల్ మొహం వెలిగిపోయింది, వెంటనే భార్య మొహం చూసి ఆరిపోయింది. "కంగారు పడకు. ఇంట్లో ఫ్రిజ్‌లో నీలం మూత గిన్నెలో ఉందిగా. తిరిగి వెళ్ళాక..." అని మధ్యలో ఆగిపోయాడు. మెడ గోక్కున్నాడు. "ఉండేది."

"ఉండేది అంటే?"

"నిన్న మధ్యాహ్నం దోసకాయలు లేతగా దొరికాయి. టారటోర్ చేసుకున్నాను."

టారటోర్ అంటే దోసకాయ, వెల్లుల్లి, అక్రోటు పప్పు వేసి కలిపిన చల్లటి పెరుగు. ఎండాకాలం ఒక గిన్నెడు తాగితే ప్రాణం లేచొస్తుంది. యాభై ఏళ్ళ తోడు చివరి గిన్నె అలా ఒకే పూటలో కిరిల్ పొట్టలోకి పోయింది.

"మొత్తం?"

"గిన్నె కూడా కడిగేశాను. నువ్వు మెచ్చుకుంటావని."

దోన్కా పర్సు తప్ప మిగతావన్నీ ఒక్కొక్కటే తిరిగి సంచీలో వేసింది. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. ఇక ఈ లోకంలో అమ్మ పెరుగంటూ మిగిలి ఉంటే, అది ఆ రుమాల్లోనే ఉంది. ఆ మౌనానికి కిరిల్ తిట్లకంటే ఎక్కువ భయపడ్డాడు. లేచి నిలబడ్డాడు, సామాన్ల అరకు తల కొట్టుకున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు.

"ఈ విమానం దిగేలోగా దొంగ ముసుగు తొలగిస్తాను! పోయిన వస్తువు వర్ణన?"

"తెల్లగుడ్డ. నీలం అంచు."

"తెలుపు... నీలం..." ఎడమచేత్తో గబగబా రాసుకున్నాడు. పర్సును వెలుతురుకెత్తి, తిప్పి, వాసన చూశాడు. "ఆహా! ఈ జిప్పు లాగిన తీరు చూడు. కుడి నుంచి ఎడమకు, ఒక్క గుంజుకు. నేరస్థుడిది ఎడమచేతివాటం!" అని చెప్పి పెన్సిలును ఎడమచెవి మీద పెట్టుకున్నాడు.

పక్కనున్న స్పెయిన్ పెద్దాయన ఎడమచేత్తోనే తింటున్నాడు. విమానాశ్రయంలో కొన్న బనిత్సా అది, పొరపొరలుగా ఉండే జున్ను రొట్టె. మీసాల నిండా తెల్లటి పొడి రాలి ఉంది.

"మీసాల మీద పెరుగు," అని కిరిల్ భార్య చెవిలో బుసకొట్టాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, వేలు చూపించి, మెల్లగా, గట్టిగా అడిగాడు. "నువ్వు. తీశావా. మా అత్తగారి గుడ్డ?"

పెద్దాయనకు బల్గేరియా భాష ఒక్క ముక్క రాదు. అయినా ఏదో తన మీద మోపుతున్నారని అర్థమై, కంగారుగా తల అడ్డంగా ఊపాడు.

"ఒప్పుకున్నాడు! నా మొదటి ప్రశ్నకే కుప్పకూలాడు!" కిరిల్ కేక నాలుగు వరుసల దాకా వినబడింది.

బల్గేరియాలో పుట్టినవాడికి అందులో అనుమానం ఏముంటుంది? తల అడ్డంగా ఊపితే ఔనని, నిలువుగా ఆడిస్తే కాదని చంటిపిల్లలకు కూడా తెలుసు. ముందు వరుసల్లోని సొంత దేశం వాళ్ళు వెనక్కి తిరిగి, ఇంత పెద్దవయసులో ఇదేం బుద్ధి అన్నట్టు ఆయన్ని చూశారు.

ఇస్క్రా పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, ఆయన కాదంటున్నారు! వాళ్ళ దేశంలో అడ్డంగా ఊపితే కాదని అర్థం."

"నాకు పాఠాలా? అయితే నేను నిరపరాధినని నిలువుగా ఊపమను."

ఇస్క్రా ఏదో చెప్పింది. పాపం పెద్దాయన ఎలాగైనా ఈ గొడవ వదిలితే చాలని నిలువుగా ఊపాడు.

"చూశావా! ఇప్పుడు కాదంటున్నాడు. ఒకే నోటితో రెండు మాటలు!"

"నోరెక్కడ తెరిచాడు బాబాయ్, తలేగా ఊపింది!"

కిరిల్ ఊరుకోలేదు. పెద్దాయన ఒళ్ళోంచి తెల్లటి గుడ్డ ఒకటి లాగి, ముక్కుకు ఆనించుకుని గాఢంగా పీల్చాడు. అది ఆయన ముక్కు తుడుచుకున్న గుడ్డ. కిరిల్ ఐదుసార్లు వరసగా తుమ్మి, దర్యాప్తును తాత్కాలికంగా నిలిపేశాడు.

దోన్కా అతన్ని పక్కకు నెట్టి, ఇస్క్రా చేత క్షమాపణ చెప్పించింది. పోయినదేమిటో, ఎవరిదో కూడా చెప్పించింది. చెబుతుంటే ఆవిడకే కళ్ళనీళ్ళు ఆగలేదు. పెద్దాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. మిగిలిన బనిత్సాను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకు అందులో కూడా రుచి తెలియలేదు. అది ఆకాశం వల్ల కాదని ఆవిడకు తెలుసు.

మధ్యాహ్నానికి చెల్లెలి ఇల్లు చేరారు. వెనెతా చంకకర్రల మీద గుమ్మంలో నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. అక్కను కావలించుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూనే వంటింట్లోకి లాక్కెళ్ళింది. పొయ్యి మీద మూడు లీటర్ల పాలు కాచి, ఆర్చి, సిద్ధంగా ఉన్నాయి. పక్కనే చుట్టడానికి ఉన్ని దుప్పటి.

"ఇప్పుడే సరిగ్గా గోరువెచ్చగా ఉన్నాయక్కా. వేలు పెట్టి చూశాను. ఏదీ, గుడ్డ ఇవ్వు."

దోన్కా ఖాళీ పర్సు తీసి బల్ల మీద పెట్టింది. కిరిల్ ముందుకొచ్చాడు. "వెనెతా, గుండె దిటవు చేసుకో. గాల్లో ఒక ఘోరం జరిగిపోయింది. అయితే నేరస్థుడు ఎడమచేతివాటం వాడని..."

"కిరిల్!" అంది దోన్కా. "నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కరోజుకీ డిటెక్టివ్ కాకుండా ఉండు. అది మా అమ్మది. ఇక లేదు. అంతే."

వెనెతా పాలగిన్నె మీద నెమ్మదిగా మూత పెట్టి, కుర్చీలో కూర్చుంది.

కిరిల్ మొహం పాలిపోయింది. కిందటేడాది కుక్క కరిచినప్పుడు కూడా అంత చిన్నబోలేదు. సంచీలోంచి ఫ్లాస్కు తీసుకుని బాల్కనీలోకి నడిచాడు. తాగిన టారటోర్ గిన్నె గుర్తొచ్చింది. గోరువెచ్చటి పాలు రెండు గుక్కలు తాగితే మనసు కుదుటపడుతుందనుకుని, ఎడమచేత్తో మూత పట్టి గుంజాడు. అది రానని మొరాయించి, చివరికి టప్పుమని ఊడింది. ఫ్లాస్కు వంచాడు. ఏమీ పడలేదు. ఇంకా వంచి, అడుగున ఒక్కటి కొట్టాడు. తెల్లటి ముద్ద ఒకటి జారి చొక్కా మీద పడింది.

"హత్యాయత్నం!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తాడు. "నా పాలు గడ్డకట్టాయి! నేను చెప్పలా, విషమని? టొమాటో రసం తాగబట్టి బతికిపోయాను గానీ..."

దోన్కా అతని మొహం చూడలేదు, చొక్కా కూడా చూడలేదు. అతని ఎడమచేతిలోని మూత వంక చూసింది. దాని మెడ చుట్టూ బిగించి చుట్టిన గుడ్డ ఒకటి తడిసి, కొస కిందికి వేలాడుతోంది. తెల్లగుడ్డ. నీలం అంచు.

"ఇదెక్కడిది?"

"ఏది? ఇదా? రబ్బరు పోయిందిగా. నీ సంచీలో రుమాలు ఒకటి దొరికితే చుట్టాను. గంజి కాస్త ఎక్కువ పెట్టావు, బిగుతుగా బాగానే..." అని ఆగాడు. చేతిలోని గుడ్డ చూశాడు. తన నోటుపుస్తకం గుర్తొచ్చింది. 

వెనెతా అప్పటికే లేచింది, చంకకర్ర లేకుండానే. బావ చొక్కా మీది ముద్దను వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"అక్కా," అంది. "అమ్మ."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, మధ్యలో నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. ముందుగా రెండు చెంచాలు తీసి పాలగిన్నెలో కలిపి, దుప్పటి చుట్టి పెట్టింది దోన్కా. మిగిలినదంతా వెనెతా పొడుగు చెంచాతో ఫ్లాస్కు అడుగు దాకా గీకి తినేసింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల కడుపునిండా తిన్నది అదే మొదలు.

"ఎడమచేతివాటం వాడన్నావు. నిజమే. కేసు నువ్వే ఛేదించావు," అంది దోన్కా మొగుడితో.

కిరిల్ గొంతు సవరించుకున్నాడు. "నేరస్థుణ్ణి నేను మొదట్నించీ కనిపెట్టే ఉన్నాను. ఒక్క క్షణం కూడా వాణ్ణి విడిచి ఎక్కడికీ పోలేదు," అన్నాడు. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా, "దోసకాయ కనిపిస్తే ఇక మొహం తిప్పుకుంటాను," అన్నాడు. ఆ రెండో మాట దోన్కా నమ్మింది.

శిక్షగా అతన్ని దుప్పటి చుట్టిన గిన్నె పక్కన కాపలా పెట్టారు. ఎవరినీ ముట్టనివ్వలేదు, తనూ ముట్టలేదు. సాయంత్రం వెనెతా కాలు ఎలా ఉందో అడగడానికి పక్కింటి స్పెయిన్ ఆవిడ వచ్చింది. పొద్దున్నించీ పాలు కాచుకుని కూర్చున్న సంగతి ఆవిడకు తెలుసు. ముగ్గురు ఆడవాళ్ళూ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"బావా, తోడుకుందా?" అని అడిగింది వెనెతా.

కిరిల్ దుప్పటి తీశాడు. మూత తీశాడు. గిన్నెను మెల్లగా ఒకవైపుకు వంచి చూశాడు. తర్వాత వాళ్ళవైపు తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో, తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో పాపం," అని పక్కింటావిడ వెనెతా భుజం నిమిరింది.

అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. దోన్కా గూట్లోంచి నాలుగు గిన్నెలు తీసింది.