కళ్ళకద్దుకున్న కొర్రమీను

నలభై సీట్లకు నాలుగువందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టి, ముప్ఫై తొమ్మిదిమందిని ఏరుకుని, నలభయ్యో పిల్లని గుమ్మం అవతలికి నెట్టిన ఏలూరు పెద్దమనుషులారా! ఆ తప్పు మీది. కొర్రమీనుది కాదు. ఆరేళ్ళపాటు ఆ నింద మోసింది మాత్రం కొల్లేటి లంకలో చేపలు పట్టుకు బతికే పెద్దింటయ్య.

యాభైరెండో సంవత్సరం జూన్ నెలలో ఆ ఉదయం అతను చేసుకున్న ఏర్పాటు చాలా మామూలుది. పదకొండేళ్ళ కూతురు పైడమ్మ ఏలూరులో పేరున్న హైస్కూలు రాతపరీక్ష నెగ్గింది. పది గంటలకు పెద్దల ముందు నిలబడి నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే సీటు. తెల్లారేసరికి దోనె ఎక్కాలి, గట్టు చేరి బస్సు పట్టుకోవాలి. అంతే. ఆ లంకలో అంతవరకు ఐదో తరగతి దాటిన పిల్ల లేదు.

"పెద్దోళ్ళ దగ్గరికి ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తావయ్యా?" అంది భార్య వెంకాయమ్మ.

ఒట్టి చేతులతో వెళ్ళే అలవాటు ఆ లంకకే లేదు. గౌరవించవలసిన మనిషికి చచ్చిన చేప ఇవ్వడమూ లేదు. వెంకాయమ్మ మూరెడు కొర్రమీనుని ఏరి, తడి నాచులో చుట్టి, వెదురుబుట్టలో పెట్టి, పైన తామరాకులు కప్పింది. తడి ఆరకపోతే కొర్రమీను నీళ్ళు లేకపోయినా పూటంతా బతుకుతుంది. హెడ్మాస్టరు పాండురంగారావుగారు ఉల్లిపాయ కూడా ముట్టరని వాళ్ళకెవరు చెబుతారు? చేప తినని మనిషంటూ ఒకడుంటాడని పెద్దింటయ్యకు బుద్ధెరిగాక ఎన్నడూ తోచలేదు.

బళ్ళో పైడమ్మని లోపలికి పిలిచారు. బంట్రోతు సత్తియ్య బుట్ట వంక చూశాడు.

"ఏంటయ్యా అది?"

"బాబుగారికండి. అమ్మోరికి దణ్ణం పెట్టుకుని తెచ్చామండి."

ద్వారకా తిరుమల నుంచి ప్రసాదం వచ్చిందా అని హెడ్మాస్టరుగారు పొద్దుటినుంచి రెండుసార్లు అడిగారు. సత్తియ్య తామరాకులు చూశాడు, దణ్ణం మాట విన్నాడు. చెప్పులు విప్పి, బుట్టని రెండు చేతులా పట్టుకుని లోపలికి నడిచాడు.

లోపల ముగ్గురు పెద్దలు: హెడ్మాస్టరుగారు, స్కూళ్ళ ఇన్స్పెక్టరుగారు, లెక్కల మాస్టారు. "గోదావరి ఎక్కడ పుట్టింది?" "నాసిక్ దగ్గర త్ర్యంబకంలో అండి." "భేష్!" అని పాండురంగారావుగారు జాబితాలో నలభయ్యో పేరు రాయడానికి కలం ముంచారు. అప్పుడే బుట్ట వచ్చింది. ఆయనకు ఆ వారమంతా జలుబు, వాసన తెలియదు. లేచి నిలబడి, అడుగునుంచి కారుతున్న నీళ్ళని తీర్థమనుకుని తలమీద చల్లుకుని, బుట్టని ఎత్తి కళ్ళకద్దుకున్నారు.

కొర్రమీనుకి ఆ భక్తి నచ్చలేదు. ఆకులు చీల్చుకుని లేచి, ఆయన చెంప మీద తోకతో ఒకటిచ్చి, బల్లమీద పడింది. సిరాబుడ్డి జాబితా మీద ఒలికింది. ఇన్స్పెక్టరుగారు కుర్చీ ఎక్కారు. లెక్కల మాస్టారు గొడుగెత్తి చేపని కొట్టబోతే దెబ్బ సత్తియ్య వీపు మీద పడింది. అందరూ అరుస్తున్నారు. పైడమ్మ ఒక్కతే రెండంగల్లో వెళ్ళి, మొప్పల కింద వేలుపెట్టి సిరా పూసిన చేపని పైకెత్తింది.

"భయపడకండి సార్, కరవదు."

"ఎవర్రా దీన్ని తెచ్చింది?" అని అరిచారు హెడ్మాస్టరుగారు.

పెద్దింటయ్య గుమ్మంలో చేతులు కట్టుకున్నాడు. "నేనేనండి. తమకోసమేనండి. బతికుందో లేదో చూసుకోండి బాబూ, ఇందులో మోసం లేదు."

హెడ్మాస్టరుగారి ముఖం కందగడ్డయింది. చేప చిన్నదని కోపమొచ్చిందనుకున్నాడు పెద్దింటయ్య.

"సీటిచ్చెయ్యండి బాబూ, రేపు దీనికి రెండింతలది తెస్తాను!"

"లంచం!" అన్నారు ఇన్స్పెక్టరుగారు కుర్చీ మీదనుంచే.

అయిపోయింది. సీటు పోయింది.

మిషను బడి టీచరు దానమ్మ ఆ వరండాలోనే ఉంది. సీటు రాని పిల్లల్ని తన బడికి తీసుకుపోవడానికి ఏటా ఆ రోజు వచ్చి కూర్చుంటుంది. "మా బళ్ళో సెలక్షన్ లేదండి," అంది పెద్దింటయ్యతో. "బల్లలు కూడా లేవనుకోండి. పిల్లని పంపండి. ఆ చేప కూడా ఇటివ్వండి, మేం తింటాం."

పైడమ్మ దానమ్మ ఇంట్లోనే ఉండి చదువుకుంది. పై తరగతులకు అనుమతివ్వమని కనబడిన ఆఫీసుకల్లా దానమ్మ అర్జీలు రాసింది. పైడమ్మతో పాటు బడీ ఏటా ఒక తరగతి ఎదిగింది. పెద్దింటయ్య ప్రతి శనివారం చేప తెచ్చేవాడు. తెచ్చినప్పుడల్లా, "నా చేప నీ సీటు మింగేసిందమ్మా," అని కళ్ళు తుడుచుకునేవాడు.

"ఊరుకో నాన్నా! అర్థం కాకపోతే టీచరుగారు ఒకే లెక్క నాలుగుసార్లు చెప్తారు. అక్కడెవరు చెప్తారు?"

యాభైయెనిమిదిలో ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలొచ్చాయి. ఏలూరు మొత్తానికి పైడమ్మ మొదటిది.

మూడో రోజు పొద్దున్నే లంక వైపు ఒక దోనె వస్తోంది. అందులో పాండురంగారావుగారు!

"ఒసే, ఆయన కోపం ఇంకా పోలేదే! చేపలన్నీ దాచెయ్!"

"ఎక్కడ దాచను? లంకంతా చేపలే కదయ్యా!" అంటూనే వెంకాయమ్మ ఆ పూట పడిన చేపలన్నిటినీ మళ్ళీ కొల్లేట్లో కుమ్మరించింది.

హెడ్మాస్టరుగారు దిగారు. చేతిలో ఆకులు కప్పిన బుట్ట.

"తీసుకోండి పెద్దింటయ్యగారూ."

పెద్దింటయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "ముందు ఆకు తియ్యండి బాబూ."

లోపల లడ్లు, పులిహోర. ద్వారకా తిరుమల ప్రసాదమే.

ఆయన గొంతు సవరించుకున్నారు. "మా మనవరాలికి మా బళ్ళోనే సీటు రాలేదండి. నలభై ఒకటో నంబరు. నలభై దాటకూడదన్న ఆ రూలు నేను రాసిందే. దానమ్మగారికి మీరొక్క మాట చెబితే..."

"మా టీచరుగారి బళ్ళో మాట చెప్పక్కర్లేదు సార్," అంది పైడమ్మ. "పిల్లని తీసుకురండి, చాలు. ఆ రోజు మీరు నన్ను పంపేశారు కాబట్టే ఆవిడ దొరికింది. మీకూ దణ్ణమే, ఆ చేపకీ దణ్ణమే."

పెద్దింటయ్య తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆరేళ్ళ బరువు దిగింది. అలవాటుకొద్దీ చెయ్యి బుట్ట కోసం వెతికింది. చేపలేమో నీళ్ళలో ఉన్నాయి. పెద్దమనిషిని ఒట్టి చేతులతో పంపడం ఆ లంకలో అదే మొదలు. పాండురంగారావుగారు మాత్రం ఎంతో ఊరటగా దోనె ఎక్కారు.

కాబట్టి అయ్యలారా, ఇకనైనా చెయ్యవలసింది చెయ్యండి. ఆ నలభైని నాలుగువందలు చెయ్యండి. లంకల్లో హైస్కూలు పెట్టండి. దానమ్మ బడికి బల్లలు పంపండి, రేపు కాదు, ఇవాళ. ఇక బుట్ట ఎవరు తెచ్చినా సరే, ఆకు తీసి చూశాకే కళ్ళకద్దుకోండి.