నిచ్చెన వేసిన చెరువు

కొలతలాయన మంగళవారం ఉదయం వేసుకున్న పథకంలో ఎక్కడా తిరకాసు లేదు. ఏడున్నరకి చెరువు దగ్గరికి వెళ్ళాలి, పూడిక తీసే యంత్రాన్ని నడిపించాలి, సాయంత్రం లోతు కొలిచి పుస్తకంలో రాయాలి, వేళకి ఇంటికొచ్చి భోంచేయాలి. ఇలా మూడు రోజులు. నాలుగో రోజు పెద్ద ఇంజనీరుగారిని పిలిచి చెరువు చూపించి శభాష్ అనిపించుకోవాలి.

ఆయన పురపాలక కార్యాలయంలో చెరువులూ కాలవలూ చూసే చిన్న ఇంజనీరు. వీధి వీధంతా ఆయన్ని కొలతలాయన అంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు. బకెట్టు కొనడానికి వెళ్ళినా స్నానాలగది తలుపు వెడల్పు కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళే మనిషి. కొలిచిన ప్రతిదాన్నీ పుస్తకంలో ఎక్కించి, కింద ‘సరిచూడబడినది’ అని రాసి సంతకం పెడితేగాని ముద్ద దిగదు.

చెరువు కార్యాలయానికి కొంచెం ఎగువన ఉంది. చుట్టూ నిలువుగా రాతిగోడ. చిన్నప్పుడు నాన్న అరచెయ్యి పొట్ట కింద పెట్టి ఈత నేర్పింది ఆ నీళ్ళలోనే. అప్పట్లో దాని అడుగు ఎవరికీ అందేది కాదు. ఇప్పుడు నాలుగడుగుల బురద మీద మూడడుగుల చిల్లర నీళ్ళు మిగిలాయి. ఎండ ఎక్కేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే చూడలేక ఆయన మొహం తిప్పుకునేవాడు. పెద్ద ఇంజనీరుగారికి మాత్రం అక్కడ చేపలు కనబడలేదు, కార్లు కనబడ్డాయి. కార్యాలయం వెనక పల్లంలో ఉన్న కార్ల స్టాండు చాలడం లేదు, ఈ చెరువు పూడ్చేసి కొత్త స్టాండు కడదామన్నారు. కొలతలాయన జన్మలో మొదటిసారి పై అధికారికి ఎదురుచెప్పాడు.

“పూడిక తీస్తే బతుకుతుంది సార్. నా మాట నమ్మండి.”

“సరే, శుక్రవారం పదింటికి వస్తాను. నడిమధ్యన ఆరడుగుల నీళ్ళు చూపించు. చూపిస్తే చెరువు, లేకపోతే స్టాండు. మట్టి లారీలకి ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను.”

యంత్రం చేసే పని తేలికైనదే. నీళ్ళ మీద తెప్ప, తెప్ప మీద మోటారు. అడుగున ఉన్న బురదని నీళ్ళతో కలిపి పీల్చి, గొట్టంలోంచి గట్టు మీదికి పంపుతుంది. గట్టు మీద బస్సంత పొడవున్న గుడ్డసంచి ఉంటుంది. బురద సంచిలో ఆగిపోతుంది, నీళ్ళు వడకట్టుకుని బయటికొచ్చి ఓ పిల్లకాలవలోంచి మళ్ళీ చెరువులోకే పోతాయి. ఆ పిల్లకాలవ వెళ్ళేది కొలతలాయన అత్తగారి గుమ్మం ముందునుంచి.

మంగళవారం కొలతలాయన గట్టు మీంచి ఒక్క అడుగు తీసి తెప్ప మీద వేశాడు. బురదలో దిగబడకుండా అడుగున పళ్ళెం బిగించిన కొలకర్రని నడిమధ్యన దించి, మూడుంపావు అడుగులని తేల్చాడు. యంత్రం మొదలయ్యాక ఇంకో రెండు చోట్ల కొలుస్తుండగా అత్తగారు ఫోన్ చేసింది.

“అల్లుడుగారూ, కాలవ పొంగి మా వాకిలంతా జారుడుబండ అయింది. ఇందాక పాలావిడ పడబోయి ఆగింది. ఏం చేయమంటారు?”

ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో ఫోన్, నోట్లో అంకె. “మీకు ఎటు వీలైతే అటు తిప్పేయండి అత్తయ్యా!” అన్నాడాయన. ఫోన్ జేబులోకి వెళ్ళేలోపే ఆ సంగతి బుర్రలోంచి వెళ్ళిపోయింది. అత్తగారు ఒకసారి చెబితే చేసే మనిషి. పార తీసుకుంది.

యంత్రం రోజంతా గుర్రుమంటూ పీల్చింది. సంచి ఉబ్బింది. సాయంత్రం కొలతలాయన హుషారుగా కర్ర దించాడు. మూడడుగులు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ దించాడు. మూడే. పొద్దున్న మూడుంపావు ఉన్న చెరువు, రోజంతా బురద తోడితే, పావు అడుగు తగ్గింది!

రాత్రి భోజనాల దగ్గర భార్యకి చెప్పుకున్నాడు. “తీసేకొద్దీ పూడుతోందే! ఇదెక్కడి విడ్డూరం?”

“మీరు తీస్తుంటే ఎవరో తెచ్చి పోస్తున్నారేమో,” అంది భార్య, చారు వడ్డిస్తూ. ఆవిడ మాటవరసకే అంది. కానీ ఆ మాట కొలతలాయన మెదడులో చీమలా దూరింది. పుస్తకంలో కొత్తగా ఒక గడి గీసి, పైన ‘లోతు తగ్గుటకు కారకులు’ అని రాసి, కింద ఖాళీ వదిలాడు.

బుధవారం ఉదయం తెప్ప మీదికి కాలు అందలేదు. “సార్, ఇవాళ దిగడం కష్టంగా ఉంది,” అన్నాడు తెప్ప ఆపరేటరు. సమస్య కనబడితే చాలు, పరిష్కరించే స్వభావం కొలతలాయనది. వెంటనే ఒక స్టూలు తెప్పించి తెప్ప మీద వేయించాడు. ఇద్దరూ స్టూలు మీంచి చక్కగా దిగారు.

ఆ రోజు మొదటి అనుమానం కొలకర్ర మీదికి వెళ్ళింది. మూడు టేపులు పెట్టి కొలిచాడు. కర్ర పెరగలేదు, తరగలేదు. గడిలో ‘కర్ర’ అని రాసి కొట్టేశాడు. మధ్యాహ్నం పెద్ద ఇంజనీరుగారు ఫోన్ చేశారు.

“ఏమయ్యా, మన కార్ల స్టాండులోకి నీళ్ళు వస్తున్నాయి. వాన లేదు, చుక్క లేదు. నీళ్ళ సంగతి నీకు తెలుస్తుంది కదా, ఏమై ఉంటుంది?”

కొలతలాయన తల తిప్పకుండా చెప్పాడు. “కుళాయి పైపు పగిలి ఉంటుంది సార్. మెయిన్ వాల్వు కట్టేయించండి, అదే ఆగుతుంది.”

వాల్వు కట్టేశారు. స్టాండులో నీళ్ళు ఆగలేదుగాని నాలుగు వీధుల్లో కుళాయిలు ఆగాయి. అరగంటలో భార్య ఫోన్.

“తలకి సబ్బు పెట్టుకుని నిలబడ్డానండీ. కుళాయి గుటకలు మింగుతోంది. మీ ఆఫీసులో ఎవరికి పుట్టిందండీ ఈ బుద్ధి?”

“కనుక్కుంటాను,” అన్నాడు కొలతలాయన. ఆ సాయంత్రం చెరువు లోతు రెండుముప్పావు.

గురువారం స్టూలు కూడా అందలేదు. ఈసారి ఆయన నిచ్చెన తెప్పించి రాతిగోడకి వేయించాడు. అయిదు మెట్లు దిగితే తెప్ప వచ్చింది. దిగుతూనే ఆపరేటరుని నిలదీశాడు.

“నిజం చెప్పు. నీ యంత్రం పీలుస్తోందా, ఊదుతోందా?”

ఆపరేటరు మొహం ఎర్రబడింది. “పదిహేనేళ్ళుగా పీలుస్తున్నాను సార్. ఊదడం నాకు రాదు. మీకు నమ్మకం లేకపోతే మీరే నడుపుకోండి.” అలిగి తెప్ప చివర కూర్చున్నాడు. అతన్ని బతిమాలుకునేసరికి గంట గడిచింది. గడిలో ‘ఆపరేటరు’ అని రాసి కొట్టేశాడు.

ఇక మిగిలింది భార్య అన్న మాటే. కొలతలాయన బావమరిదిని పిలిచి గట్టు మీద కాపలా పెట్టాడు. “సంచితో ఎవడు కనబడినా వదలకు. పట్టుకో.”

“నాకు వదిలేయ్ బావా,” అన్నాడు బావమరిది. అతనికి ఉద్యోగం లేక ఏడాదయింది, ఏదో ఒకటి పట్టుకోవాలని చేతులు దురదగా ఉన్నాయి. అయిదింటికల్లా పెద్ద కేక వినబడింది. కొలతలాయన నిచ్చెన ఎక్కి పరుగెత్తి చూస్తే, బావమరిది మాస్టారిని రెండు చేతులా చుట్టేసి పట్టుకుని ఉన్నాడు. మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. చెరువు పూడ్చవద్దని ఇంటింటికీ తిరిగి నాలుగువందల సంతకాలు పోగుచేసిన పెద్దమనిషి ఆయనే. ఆయన చంకలో సంచి ఉంది.

“దొరికాడు బావా! సంచితో సహా!”

“వదలరా తలతిక్కవాడా!” అరిచారు మాస్టారు. సంచి చిరిగి జొన్నలు గట్టంతా దొర్లాయి. “ఇరవైయేళ్ళుగా బాతులకి గింజలు వేస్తున్నానయ్యా నేను! ఇవాళ ఒక్క బాతు కూడా లేదిక్కడ, ఎటు పోయాయో అని వెతుక్కుంటుంటే నన్ను దొంగని చేస్తారా? చెరువు కోసం కాళ్ళరిగేలా తిరిగినందుకు ఇదా మర్యాద? ఇప్పుడే పెద్ద ఇంజనీరు దగ్గరికి పోతున్నా.”

కొలతలాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడుగాని మాస్టారు ఆగలేదు. సాయంత్రం కర్ర దించితే రెండున్నర అడుగులు. గడిలో ‘మాస్టారు’ అని రాయడానికి కూడా సిగ్గేసింది. రాసి, కొట్టేశాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆరడుగులు చూపిస్తానని మాటిచ్చి, ఉన్న మూడు కూడా పోగొట్టాడు. రేపు లారీలు వస్తాయి. నాన్న చెయ్యి ఉన్న చోట కార్లు నిలబడతాయి. ఆ తలపుకే ఆయనకి ఏడుపొచ్చింది.

శుక్రవారం పెద్ద ఇంజనీరుగారు పదింటికి కాదు, ఎనిమిదింటికే వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. వెనకాల మాస్టారు.

“నా కారు స్టాండులో సగానికి మునిగిందయ్యా! నువ్వు చెప్పినట్టు వాల్వు కట్టించాను. మా ఇంట్లో నీళ్ళు లేవు, నా కార్లో ఉన్నాయి!” అని మండిపడ్డారు. చొక్కా జేబులోంచి చెరువు పూడ్చే ఉత్తర్వు తొంగిచూస్తోంది. “ఇక్కడ పెద్దమనుషుల్ని పట్టి కట్టేస్తున్నారట. ముందు లోతు చూపించు, తరవాత నీ సంగతి చూస్తాను.”

కొలతలాయన పుస్తకం తెరిచాడు. “మొదట్లో మూడుంపావు ఉండేది సార్. మూడు రోజులు తోడాం. ఇప్పుడు రెండున్నర.”

“తోడితే తగ్గిందా?”

“తగ్గింది సార్. నాకూ అర్థం కావడం లేదు.”

నేనే చూస్తానని పెద్ద ఇంజనీరుగారు నిచ్చెన పట్టుకున్నారు. మూడు మెట్లు దిగి ఆగారు. కిందికి చూశారు, పైకి చూశారు.

“ఈ నిచ్చెన ఎప్పుడు వేశారు?”

“నిన్న సార్.”

“మొన్న?”

“స్టూలు సార్.”

“అంతకుముందు?”

“ఏమీ లేదు సార్. గట్టు మీంచి అడుగు తీసి తెప్ప మీద వేసేవాళ్ళం.”

ఆ మాట అన్నాక కొలతలాయన తెరిచిన నోరు మూయలేదు. గోడ వైపు చూశాడు. పైన, గట్టుకి జానెడు కింద, పాచి పట్టిన పచ్చటి గీత. ఎన్నో ఏళ్ళుగా నీళ్ళు నిలిచిన గీత. నీళ్ళు దానికి ఎక్కడో కింద ఉన్నాయి. ఆయన టేపు జార్చాడు. గీత నుంచి నీళ్ళ దాకా నాలుగుముప్పావు. నీళ్ళ నుంచి అడుక్కి రెండున్నర.

“ఏడుంపావు!” అని అరిచాడు. “చెరువు లోతు ఏడుంపావు సార్! బురద పోయింది! నీళ్ళు కూడా పోయాయి!”

“ఎటు పోయాయి?” అన్నారు మాస్టారు. లెక్క తప్పితే ఆయన ఊరుకోరు.

“అటే,” అంది వెనక నుంచి అత్తగారు, చేతిలో పారతో కార్యాలయం వైపు చూపిస్తూ. గొడవ విని వచ్చింది. “కాలవని నేనే అటు తిప్పాను. పల్లం కదా, ఎంత బాగా పోతున్నాయో! మంగళవారం అల్లుడుగారే చెప్పారు, ఎటు వీలైతే అటు తిప్పేయండి అత్తయ్యా అని.”

అందరూ కొలతలాయన వైపు తిరిగారు. ఆయన టేపు వైపు చూశాడు.

పెద్ద ఇంజనీరుగారు నిచ్చెన మీదే నిలబడి, జారుతున్న ప్యాంటు మడత పైకి లాక్కున్నారు. “అవన్నీ తరవాత. ముందు నా స్టాండులో నీళ్ళు తోడించండి.”

“ఇప్పుడే తోడిస్తాం సార్,” అన్నాడు కొలతలాయన వినయంగా. “ఎక్కడ పోయమంటారు?”

ఆయన కుడివైపు చూశారు, ఇళ్ళు. ఎడమవైపు చూశారు, వీధి. అంత నీరు పట్టే గొయ్యి కనుచూపు మేరలో ఒక్కటే ఉంది. దాని గోడకి వేసిన నిచ్చెన మీదే ఆయన ఉన్నారు.

“ఇందులోనే పోయండి,” అన్నారు మెల్లగా.

“మరి దీన్ని పూడ్చేస్తున్నారు కదా?” అన్నారు మాస్టారు.

“ఎవరయ్యా చెప్పింది పూడుస్తామని?” అంటూ పెద్ద ఇంజనీరుగారు జేబులో కాగితాన్ని లోపలికి తోసేశారు.

ఆదివారానికి నీళ్ళు పచ్చగీతని తాకాయి. వీధుల్లో కుళాయిలు వచ్చాయి. చేపలు నోళ్ళు మూసుకుని లోపల తిరుగుతున్నాయి. ఎవరూ చూడకుండా కొలతలాయన నీళ్ళలోకి దిగి నాలుగు బారలు ఈదాడు. కాలికి అడుగు అందలేదు. అందనందుకు ఆయనకి కళ్ళు చెమర్చాయి. బాతులు మాత్రం కార్ల స్టాండు వదలలేదు. మాస్టారు రోజూ గింజలు పట్టుకుని అక్కడికే వెళుతున్నారు. గేటు దగ్గర బావమరిది ఆయనకి సంచి మోసి పెడుతున్నాడు.

ఆ సాయంత్రం కొలతలాయన పుస్తకం తెరిచాడు. ‘లోతు తగ్గుటకు కారకులు’ అన్న గడిలో కర్ర, ఆపరేటరు, మాస్టారు, మూడు కొట్టివేతలు. వాటి కింద ‘నేను’ అని రాసి, ‘సరిచూడబడినది’ అని సంతకం పెట్టాడు.