నీలి మావయ్యగారు

ఆ శనివారం ఉదయం కొత్త కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తమామలు నడకకు వెళ్ళి వచ్చేలోపు ఆట ముగించాలి. సాయంత్రంలోగా సమీక్ష రాసి పత్రికకు పంపాలి. వీడియో గేముల మీద వారానికో సమీక్ష రాయడం ఆమె ఉద్యోగం. ఉద్యోగం కొత్త, పెళ్ళీ కొత్త. చిక్కంతా ఆ రెండూ ఒకేసారి రావడం వల్లనే.

ఎందుకంటే ఈమధ్య ఆమెకు ప్రతిదీ బాగుంటోంది. బీరువా తలుపు కిర్రుమంటే బాగుంటోంది. అరిగిపోయిన తన సబ్బుముక్కను భర్త కొత్త సబ్బుకి అతికించి పెడితే, అది కూడా బాగుంటోంది. పోయినవారం ఒక నాసిరకం కార్ల ఆటను ఆకాశానికెత్తేసరికి సంపాదకురాలు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నీకు నచ్చింది ఆటా, మీ ఆయనా?"

"రెండూనండీ."

"రెండోదానితో పాఠకులకు పనిలేదు. ఆడొచ్చా, అక్కర్లేదా, అది తేల్చు. ఈసారి కూడా ఇలాగే మురిసిపోతూ రాశావంటే ఆ పేజీ ఇంకొకరికి ఇచ్చేస్తా."

ఈసారి వచ్చింది వైకింగులనే పాతకాలపు సముద్రయోధుల ఆట. మంచుదేశపు అడవిలో మనల్ని కట్టుబట్టలతో దింపేస్తారు. కట్టెలు ఏరుకుని, రాయి చెక్కి గొడ్డలి చేసుకుని, గుడిసె వేసుకుని, చలికీ ఆకలికీ మృగాలకీ చావకుండా బతకాలి. ఇద్దరు కలిసి ఆడుకోవచ్చు కాబట్టి ఆమె హాల్లో కంప్యూటరు ముందు, భర్త పడగ్గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఇద్దరి చెవులకూ హెడ్‌ఫోన్లు. సొంతంగా వేసుకున్న గుడిసె కప్పు మీద మొదటిసారి వాన పడిన చప్పుడుకి ఆమె పులకరించిపోయింది. కానీ ఆ వాన నిజంగానే బాగుందా, లేక గుడిసెలో పక్కన నిలబడ్డ గడ్డం మనిషి తన మొగుడు కాబట్టి బాగుందా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఆ అడవిలో ఒక నీలి రాక్షసుడు ఉన్నాడు. అడుగేస్తే నేల అదురుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరి మీదో చిరాకుతో గొణుక్కుంటూ తిరుగుతాడు. వాణ్ణి చూడగానే భర్త, "అచ్చం మా నాన్నే!" అన్నాడు. ఆ నాన్నగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. దేన్ని చూపించినా పెదవి విరవడం తప్ప మెచ్చుకోవడం ఎరగని మనిషి. కొడుకు కాపురం చూసి వెళదామని రెండురోజుల కిందట వచ్చారు. కర్టెన్ల దగ్గర్నుంచి కోడలి ఉద్యోగం దాకా అన్నిటికీ పెదవి విరిచారు. అలా రాక్షసుడికి మావయ్యగారని పేరు కుదిరిపోయింది. భర్తను ఏకాంతంలో "నువ్వు" అనేసే కోడలికి, రాక్షసుణ్ణి మాత్రం "వాడు" అనడానికి నోరు రాలేదు.

"మావయ్యగారు పడుకున్నారు," అంది హాల్లోంచి. "గురక వినబడుతోంది."

"లేవకముందే పని కానిచ్చేద్దాం," అన్నాడు పడగ్గదిలోంచి భర్త.

"నిద్రలో చంపడం పాపం కదూ?"

"లేస్తే మనవల్ల కాదే. నిన్న ఒక్క గుద్దుకే పోయావుగా!"

"సరే. తోలు మాత్రం చిరక్కుండా చూడు. పోయినసారి మావయ్యగారి తోలుతో నీకు కోటు కుట్టాం. ఈసారి నాకు టోపీ కావాలి."

సరిగ్గా అప్పుడే, టోపీ మరిచిపోయి వెనక్కి వచ్చిన అసలు మావగారు తలుపు అవతల నిలబడి ఉన్నారని ఆమెకు తర్వాత తెలిసింది. తాళంచెవి సగం తిప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన ఒకసారి తన తల తడుముకున్నారు. బూట్లు విప్పి చేత పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగారు.

కింద బల్ల మీద కూర్చున్న అత్తగారు అడిగింది. "టోపీ ఏదండీ?"

"కుడుతున్నారు."

"దేంతో?"

"నాతో."

అత్తగారు ఆయన నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు. "మీరు విన్నది ఏదో, వాళ్ళన్నది ఏదో. పదండి, నేనూ వింటాను," అంటూ లేచింది. ఎందుకైనా మంచిదని మావగారు వాచ్‌మన్‌ను కూడా వెంటబెట్టుకొచ్చారు. ఈసారి కొడుకు ఇచ్చిన తాళంచెవితో తీసే ధైర్యం లేక, ముగ్గురూ తలుపు తట్టారు.

లోపల, సరిగ్గా ఆ క్షణానే బాణం గురితప్పింది.

"మావయ్యగారు లేచేశారు!" కోడలి కేక. "ఇంటికొచ్చేస్తున్నారు! తలుపు బాదుతున్నారు!"

"రానివ్వకు! అడ్డంగా బల్లలు పెట్టు!"

"అమ్మాయ్, మేమే!" అని పిలిచింది అత్తగారు. హెడ్‌ఫోన్లలోకి ఆ పిలుపు చేరలేదు.

"నిప్పంటించనా?" అన్నాడు కొడుకు.

"అంటించు, నేను కాళ్ళ మీద కొడతాను!"

"కింద మోటారు ఆపాలి సార్," అంటూ వాచ్‌మన్ మూడేసి మెట్లు దూకుతూ మాయమయ్యాడు.

మావగారు ఇక లాభం లేదనుకున్నారు. ఎన్నాళ్ళ అలవాటో, జేబులోనే ఉండే ఈల తీసి, గుండెల నిండా గాలి పీల్చి ఊదారు. ఆ ఈలకి కింది అంతస్తులో కుక్క మొరిగింది. కోడలు ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు లాగేసి, పరుగున వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా అత్తమామలు. అదే సమయానికి పడగ్గదిలోంచి భర్త చేతులూపుతూ గంతులేస్తూ వచ్చాడు.

"నాన్న చచ్చాడు! రా, తోలు తీసుకో!"

మావగారు ఒక అడుగు వెనక్కి వేసి అత్తగారి వెనక నిలబడ్డారు.

"ఇది... ఆటండీ మావయ్యగారూ," అంది కోడలు. తెర మీద వెల్లకిలా పడి ఉన్న నీలి దేహాన్ని చూపించింది. పేరెలా వచ్చిందో చెప్పింది. చెబుతుంటేనే తెలిసింది, చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో. ఇటు పేజీ పోయింది, అటు మావగారి దగ్గర ఉన్న కాస్త మర్యాదా పోయింది అనుకుంది.

మావగారు కళ్ళజోడు పెట్టుకుని తెరకు దగ్గరగా వంగారు.

"నేనింత పొట్టతో ఉన్నానా?"

"లేదండీ!" అన్నారు ముగ్గురూ ఒకేసారి. మామూలుగా అయితే అత్తగారు అబద్ధం ఆడదు.

"ఆ కూలిపోయిన కొంప ఎవరిది?"

"మాదేనండీ. మేమే కట్టాం."

"స్తంభం లేకుండా కప్పు ఎవడైనా వేస్తాడా! లే అవతలికి."

ఆమె లేచింది, ఆయన కూర్చున్నారు. చెట్టు ఎలా కొట్టాలో ఆమె చూపించింది. కొట్టిన మొదటి చెట్టు ఆయన నెత్తినే పడింది. చచ్చి మళ్ళీ బతికి, ఆ చెట్టునే తిట్టుకుంటూ వెళ్ళి మొద్దు నరికారు. అత్తగారు భోజనానికి పిలిస్తే, "ఉండవే, చీకటిపడితే తోడేళ్ళు వస్తాయి," అన్నారు. బయట మిట్టమధ్యాహ్నం. చల్లారిన భోజనాన్ని కోడలు పళ్ళెంలో పెట్టి తెచ్చిస్తే, ఏం తింటున్నారో చూడకుండానే తినేశారు. సామాను పెట్టె నుంచి పెట్టెకు మోసి మోసి విసుగొస్తోందని రెండుసార్లు విసుక్కున్నారు. అయినా లేవలేదు. కప్పు నిలిచి, దాని మీద వాన మొదలయ్యాక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"బాగుందే," అన్నారు. ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

కోడలు చటుక్కున ఆయన వైపు తిరిగింది. ఈయన కొత్త పెళ్ళికొడుకు కాదు. ఆ గుడిసెలో ఈయన పక్కన ఎవరూ లేరు. అయినా ఆ వాన బాగుందంటే, అది బాగున్నట్టే! గుండెల మీద బరువు దిగిపోయి, భర్త ల్యాప్‌టాప్ లాక్కుని అక్కడే నేలమీద కూర్చుని రాసేసింది. సామాను మోతకి ఓపిక కావాలని, ఇద్దరుంటే ముచ్చటగా ఉంటుందని, ఒక్కరైనా దిగులుండదని, తప్పకుండా ఆడమని రాసి పంపింది.

సంపాదకురాలు వెంటనే ఫోన్ చేసింది. "ఈసారి నమ్మేలా రాశావు. పేజీ నీదే."

కోడలు ఆ సంతోషం చెబుదామని పరుగున వెళితే, మావగారు అప్పుడే ఊరి ప్రయాణం వారం వాయిదా వేసి, రెండో అంతస్తుకి దూలాలు కొలుస్తున్నారు. అత్తగారు వెనక కుర్చీ వేసుకుని తెర వైపు చూస్తోంది.

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ సొంతిల్లు కట్టమని పోరుతున్నా," అంది తీరిగ్గా. "ఇన్నాళ్ళకి కట్టారు, నేను అడుగు పెట్టడానికి వీల్లేని చోట."