పెట్టే మందు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే పటంలోనే, నడిస్తే మధ్యాహ్నానికల్లా అయిపోయే అడవిలో, గవదజబ్బు పుట్టింది. దవడ వాచి మేత లోపలికి పోదు. పెద్దవి పదిరోజులు ఈడ్చేవి. పిల్లలు మూడోరోజుకే పోయేవి.

ఎలుగుబంటి వైద్యురాలు తేనె కూడా మానుకుని, ఏవేవో వేళ్ళు నూరి, మందు కనిపెట్టింది. ముళ్ళపంది నర్సమ్మ తన ఒంటి ముళ్ళనే సూదులుగా ఇస్తానంది. తీరా చూస్తే తయారైనవి మూడొందల మోతాదులు. పాలు తాగే పిల్లలకీ, వాటి తల్లులకీ సరిపోతాయి. వైద్యురాలు అలాగే జాబితా రాసింది.

మొదటి పేరు చెవులమ్మది. ఆ కుందేలుకి ఐదుగురు పిల్లలు. ఆరోది కిందటి వారమే పోయింది.

జాబితా పెద్దల సభకి వెళ్ళింది. అక్కడికి వెళ్ళకుండా ఏ జాబితా ఎక్కడికీ వెళ్ళదు మరి.

"నాకు రెండు రాయండి. నా ఒళ్ళు చూశారుగా," అన్నాడు పులిరాజు చారలదొర.

"నేను నీళ్ళలో ఉండేదాన్ని. మందు పలచబడుతుంది. నాకు పది," అంది మొసలి.

తోడేలు తన బావమరుదుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడొందలూ అయిపోయాయి. ఇద్దరు బావమరుదులు ఇంకా మిగిలారు.

"జనం అడిగితే?" అన్నాడు దొర.

మంత్రి జిత్తయ్య మీసం దువ్వాడు. నక్కల్లో కూడా గుంటనక్క. "లేదంటే అడుగుతారు దొరా. వాళ్ళే వద్దంటే ఎవరడుగుతారు? నాకొదిలేయండి. మొదటి సూది మాత్రం తమకే."

తిన్నగా గోరింక గంగులు దగ్గరికి వెళ్ళాడు. "నీకొక్కదానికే చెబుతున్నా. అది వేసే మందు కాదు గంగులూ, పెట్టే మందు."

మార్చింది ఒక్క మాటే. మందు వేస్తే జబ్బు పోతుంది. మందు పెడితే బుర్ర పోతుంది, పెట్టినవాళ్ళు ఆడించినట్టు ఆడతాం. మొగుడు కాస్త మాట విన్నాడంటే చాలు, మందు పెట్టావని అత్తచేత అనిపించుకున్న ప్రతి కోడలికీ ఈ తేడా తెలుసు.

గంగులు రహస్యం దాచడంలో దిట్ట. పొద్దువాలేలోగా అడవి నాలుగు మూలలా దాచిపెట్టింది.

"పెద్దోళ్ళ కుట్రంట వదినా. ముల్లు దిగిందా, ఇక వాళ్ళు కూర్చోమంటే కూర్చోవడమే," అంది దుప్పి చెవులమ్మతో.

నర్సమ్మ ముందు వరస ఖాళీ అయింది. చెవులమ్మ ఒక్కతే కదల్లేదు.

"నీ పేరు కొట్టేశారే తల్లీ," అంది నర్సమ్మ తలెత్తకుండా.

"నా ఒక్కదానిది కొట్టేస్తే కొట్టేశారు. పిల్లలవి?"

నర్సమ్మ జాబితా తిప్పి చూపించింది, అవీ కొట్టేసే ఉన్నాయి. చిన్నదానికి అప్పుడే ఒళ్ళు వెచ్చబడింది.

ఇంతలో పుకారు పులిగుహ దాకా పోయింది. దొర మంత్రిని పిలిపించాడు.

"మందు పెట్టించుకున్నవాడు మాట వింటాడంటగా. ఎవరి మాట జిత్తయ్యా?"

"వట్టి అబద్ధం దొరా. నేనే పుట్టించాను."

"నువ్వే?"

"పిల్లల మీద ఒట్టు."

దొర లెక్క వేసుకున్నాడు. పదేళ్ళ కొలువులో ఈ నక్క ఒట్టేసి చెప్పిన మాట ఒక్కటీ నిజం కాలేదు. "అయితే నిజమేనన్నమాట. అందుకే మొదటి సూది నాకే అన్నావు. నన్ను నీ చెప్పుచేతల్లో పెట్టుకుందామని."

జిత్తయ్య జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు. అలవాటు లేని పని, కలిసిరాలేదు.

"ఆ మూడొందలూ రేపటికల్లా కుందేళ్ళకీ దుప్పులకీ పొడిపించండి. మాట వినే జనం కావాల్సింది నాకు," అన్నాడు దొర.

తోడేళ్ళు అందర్నీ నర్సమ్మ దగ్గరికి తరుముకొచ్చాయి. దుప్పి వెనక్కి వెనక్కి జరిగింది.

"మాట వినడం మనకి కొత్తా వదినా?" అంది చెవులమ్మ. "ఇంకా వినడానికేం మిగిలిందని? పొడు నర్సమ్మా, ముందు చిన్నదానికి."

జిత్తయ్య చాటుగా వచ్చాడు. "నాకొకటి దాచవా నర్సమ్మా."

"అయిపోయాయి బాబుగారూ. తమరి దొరవారే దగ్గరుండి పొడిపించారు." ఒంటిమీద ముల్లన్నది లేక ఆమె పందికొక్కులా ఉంది.

పదిహేను రోజులు తిరిగేసరికి దొర దవడ గుమ్మడికాయంత అయింది. మొసలికి నోరు తెరుచుకోలేదు. తోడేలు బావమరుదులందరూ మూలుగుతూ పడున్నారు. ఆజ్ఞ వేసే నోళ్ళన్నీ మూతపడితే ఇక ఎవరి మాట ఎవరు వింటారు? చెవులమ్మ పిల్లలు ఐదూ పులిగుహ గుమ్మంలో గరిక కొరుక్కుంటున్నాయి. చిన్నదే ముందుంది.

జిత్తయ్య బండమీదికెక్కి, వాచిన దవడతో ఏదో మూలిగాడు. తప్పు ఒప్పుకుంటున్నాడో, మందు అడుగుతున్నాడో తెలియలేదు.

గంగులుకి తెలియకపోతే ఎలా. కొమ్మమీద నుంచి చాటింపు వేసింది. "మంత్రిగారు ఏమంటున్నారంటే, మందు వికటించిందంట. వేసుకోనివాళ్ళకి."

నీతి అడిగేవాళ్ళకి చెబుతున్నా, అబద్ధం ఆడబోయే ముందు సూది వేయించుకోవాలి.