గుమస్తా పాపులరైన వైనం

అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారని తెలిసిన దగ్గర్నుంచీ రెండో అంతస్తు గుమస్తాకి అన్నం సయించడం లేదు. ఆఫీసులో ఆయన్ని పలకరించేది నెత్తిమీద ఫ్యాను ఒక్కటే, అదీ కిర్రుమంటూ. కనీసం మెట్ల మీదైనా నలుగురూ ఆగి నమస్కారం పెడితే చాలనుకున్నాడు.

"ఏమే, నాకు పాపులారిటీ కావాలి" అన్నాడు భార్యతో.

"మీది పాపులారిటీ కాదండీ, పాపుల ఆరాటం!"

"నవ్వకు. ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా? లాటిన్‌లో పోపులుస్ అంటే జనం."

"ఓహో, నా పోపుల డబ్బాలోంచి పుట్టిందన్నమాట!"

ఈవిడకి చెప్పడం దండగనుకుని, ఆదివారం కింద పార్కింగులో కార్ల మధ్య కుర్చీలు వేయించి జనానికే చెప్పాడు.

"పాపులర్ అంటే మొదట్లో 'జనానిది' అనే అర్థం. అంటే నేను మీవాణ్ణి! మీ అందరి సొత్తుని!"

చప్పట్లు మోగిపోయాయి. గుమస్తా ఒళ్ళు పొంగి, చొక్కా గుండీ ఒకటి తెగింది.

మర్నాడు పళ్ళు తోముకుంటుండగానే ప్లీడరు గారు బెల్లు కొట్టాడు.

"మా బీరువా జరపాలండీ. మన సొత్తే కదా అని చొరవగా వచ్చాను."

బీరువా జరిపి వచ్చేసరికి పైవాటా మామ్మగారు. పిల్లి గోడ మీంచి దిగనంటోందట. పిల్లి దిగింది, గుమస్తా మోచేతి మీదుగా. ఇంతలో సంగీతం మాస్టారు, తన శిష్యురాళ్ళ పాట వినడానికి మనిషి కావాలంటూ రెక్క పుచ్చుకున్నాడు. అంతకంటే పిల్లే నయమనిపించింది.

ఆ వారమంతా ఇదే వరస. ఓసారి బాత్రూములో దాక్కున్నాడు.

"లోపలే ఉన్నారు, తీసుకెళ్ళండి" అని భార్య గొంతు వినపడింది. "వాడుకుని, భోజనం వేళకి తిరిగిచ్చేయండి."

గుమ్మం ముందు మాకు కావాలంటే మాకు కావాలని కొట్లాట మొదలైతే ఆవిడే తీర్చింది.

"తోసుకోకండి. ముందు మామ్మగారు. ప్లీడరు గారూ, మీరు నిన్న వాడుకున్నారుగా!"

ఎన్నిక రోజు గుమస్తా తల నున్నగా దువ్వుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మామ్మగారు లేచి ఆయన భార్యని నిలబెడుతున్నానంది. చేతులన్నీ టపటపా లేచాయి. భార్య ఓరగా చూడగానే గుమస్తా చెయ్యి కూడా లేచింది.

"ఇదేం న్యాయమండీ?" అన్నాడు ఏడుపుగొంతుతో.

ప్లీడరు గారు ఆయన భుజం తట్టాడు. "మీరెలాగూ మా సొత్తే. సొత్తుని ఎవరైనా అధ్యక్షుణ్ణి చేస్తారా? తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళని చేస్తారు గానీ!"

"ఏమండీ, ఆ కుర్చీలు సర్దేసి రండి" అంది అధ్యక్షురాలు.

గుమస్తా కుర్చీలు మడవసాగాడు.

"అవయ్యాక మా ఇంటికి" అన్నాడు సంగీతం మాస్టారు.